నాలుగో హాలులో రుమాళ్లు

నమోదు 41

మూడో హాలు పని పూర్తయింది. కుళాయిల్లో నీటి ఒత్తిడి బాగుంది. హాల్లో ఇరవై ఎనిమిది డిగ్రీలు, బయట యాభై మూడు. మరుగుదొడ్లలో నీళ్లు వెనక్కి తన్నడం ఆగిపోయింది. లాగ్‌లో ఇంతకు మించి రాయనక్కర్లేదు. పైవాళ్లెవరూ దీన్ని తెరిచి చూడరు కాబట్టి నేను ఎక్కువే రాస్తాను.

నా పేరు లోకనాథం. సాగరపేట విమానాశ్రయం టెర్మినల్‌కి చల్లదనమూ నీళ్లూ చూసుకునే ఇన్‌ఛార్జిని. పాత యంత్రాలు తీసేసి, సముద్రం అడుగు నుంచి చల్లటి నీళ్లు తోడుకునే కొత్తవి పెడుతున్నాం. టెర్మినల్ మూసేసి చేద్దామంటే జనం ఎక్కడికి పోతారు? పగటిపూట ఊళ్లో చల్లగా ఉండే చోటు ఇదొక్కటే. అందుకని ఒక్కో హాలూ ఖాళీ చేయించి, అందులో వాళ్లని పక్క హాల్లోకి తోలి, పని కానిచ్చి, మళ్లీ వెనక్కి తోలుతున్నాం. పెళ్లి జరుగుతుండగా పందిరి గుంజలు మార్చినట్టుంది మా బతుకు.

ఇక నాలుగో హాలొక్కటే మిగిలింది. నీళ్లు చల్లబరిచే పాత చిల్లర్ ఇప్పుడు ఆ ఒక్క హాలు కోసమే నడుస్తోంది. రోజూ పొద్దున్నే మా ఫిట్టర్ అప్పలకొండ దాని మీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చూసి, "ఇయ్యాల్టికి గడుస్తాది బావూ" అంటాడు. లోపల బేరింగు అరిగిపోయింది. అది ఆగితే నాలుగో హాలు ఒక్క పూటలో పొయ్యి అవుతుంది. అందులో మూడు వందల మంది ఉన్నారు. మా అక్క కూడా అక్కడే ఉంది.

ఇది రాస్తుంటే నాకేమీ అనిపించడం లేదు. ఏళ్ల తరబడి ఫ్యాన్ల హోరులో ఉన్నవాడికి ముందు చెవులు పోతాయి, తర్వాత మిగతావి పోతాయి. డాక్టరుకి చెప్తే, ఈ టెర్మినల్‌లో అందరికీ ఉన్నదే కదా అన్నాడు.

నమోదు 42

నాలుగో హాలు వాళ్లకి ప్రయాణికులనే పేరే గాని ప్రయాణం లేదు. ఎగువ నుంచి, అంటే మంచు ఇంకా మిగిలి ఉన్న కొండల నుంచి, మందులు మోసుకుని విమానం వస్తుంది. తిరిగి వెళ్లేటప్పుడు చంకపిల్లలు కాక ఎనిమిది మందిని ఎక్కించుకుంటుంది. ఈ నెలాఖరుకి ఒకటి రావాలి. ఆ తర్వాత ఎండకి గాలి మరీ పలచబడి విమానాలు లేవలేవు. వానలు పడేదాకా ఇంకొకటి రాదు.

మా అక్క వరహాలమ్మ వరసలో ఎనిమిదోది. మా వైపు ఎండ మనిషిలో ముందు మూత్రపిండాల్ని తింటుంది. అక్కకి రెండూ తినేసింది. ఎగువ ఆస్పత్రిలో రక్తం శుభ్రం చేసే మిషన్లున్నాయి, వాటికి కావలసినన్ని నీళ్లూ ఉన్నాయి. ఇక్కడే ఉంటే వానలు చూడదని డాక్టరు నాతో చెప్పాడు, అక్కతోనూ చెప్పాడు. ఎనిమిదో కుర్చీ నాదే కదా, ఇంక బెంగెందుకని ఆవిడ అతనికే ధైర్యం చెప్పి పంపింది.

వరస అంటే కుర్చీలు. కుర్చీ నీదనడానికి దాని మీద నీ రుమాలు ఉండాలి. వెనకటికి జనం బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టేవారట, ఆ చట్టమే ఇక్కడా నడుస్తోంది. రుమాలు పరిచి ఉంటే మనిషి స్నానానికి వెళ్లినా తిండికి వెళ్లినా ఆ చోటు అతనిదే. దాని మీద ఏ వస్తువూ పెట్టకూడదు. పెడితే ఆ చోటు పెట్టినవాడిదైపోతుంది. రుమాలు దేనికీ కట్టేయకూడదు, హాలు దాటించకూడదు. దాటిస్తే వరస వదులుకున్నట్టే.

టెర్మినల్ మేనేజరు జోగారావు గారు ఒకసారి పేర్ల జాబితా పెట్టి చూశారు. తెల్లారేసరికి జాబితా మొదట్లో కొత్త పేర్లు మొలిచాయి. టోకెన్లు ఇస్తే నాలుగు రోజులకే దొంగ టోకెన్లు వచ్చాయి. రుమాలుకి మాత్రం ఇంతవరకూ ఎవరూ ద్రోహం చేయలేదు.

నమోదు 44

హాలు ఖాళీ చేయమని జోగారావు గారు మైకులో చెప్పారు. బతిమాలారు, తర్వాత బెదిరించారు. ఒక్కరూ లేవలేదు. చిల్లర్ ఇవాళ పొద్దున కాసేపు ఆగి మళ్లీ నడిచింది. ఆ కాసేపటికే హాల్లో పిల్లలు ఏడుపు అందుకున్నారు, అయినా ఎవరూ లేవలేదు.

నేను వెళ్లి మాట్లాడాను. నేల తవ్వి మురుగు పైపులు మార్చాలి, కుర్చీలన్నీ తీసేయాలి అన్నాను. కుర్చీలు తీసేస్తే మరి వరస సంగతేమిటని వాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

జవాబు అక్క చెప్పింది. పడమటి గోడ వారన తవ్వడం లేదు కదా, అక్కడ నేల మీద రుమాళ్లన్నీ వరసగా పరిస్తే సరి, హాలు దాటినట్టూ కాదు, కట్టినట్టూ కాదు అంది. ఎవరు పరచాలన్న దాని మీద మధ్యాహ్నం దాకా కీచులాట జరిగింది. చివరికి నా పేరే ఖాయం చేశారు. సొంత అక్క రుమాలు అందులో ఉన్నవాడు వరస చెడనివ్వడని వాళ్ల లెక్క.

అందరూ చూస్తుండగా ఒక్కొక్కటే తీసి పరిచాను. అన్నీ నీలం గళ్లవే. టెర్మినల్ దుకాణంలో వేరే రకం దొరకదు. ఏడోది సన్యాసిరావుది, పడవ ఇంజన్లు బాగుచేసే మనిషి. ఎనిమిదోది అక్కది. తొమ్మిదోది రత్నాలుది. రత్నాలు చిన్న వయసు పిల్ల, చంకలో కూతురు ఉంటుంది. వేడి పెరిగితే ఆ పసిదానికి ఫిట్స్ వస్తాయి. అక్కా రత్నాలూ ఒకే చాప మీద పడుకుంటారు, ఒకే పళ్లెంలో తింటారు. పిల్ల అక్కని మామ్మా అంటుంది.

సాయంత్రానికి హాలు ఖాళీ అయింది. జోగారావు గారు నా భుజం తట్టి, నువ్వు లేకపోతే ఏమైపోయేదో అన్నారు. తట్టిన చోట కూడా నాకేమీ తెలియలేదు.

నమోదు 46

నేల పగలగొట్టాం. పాత మురుగు పైపు చేత్తో పట్టుకుంటే అప్పడంలా విరిగింది. దాని లోపల నుంచి పళ్ల సెట్టు ఒకటి, పిల్లల చెప్పు ఒకటి, ఒక మంగళసూత్రం బయటపడ్డాయి. మంగళసూత్రం ఎవరిదని మైకులో అడిగిస్తే పదకొండు మంది ఆడవాళ్లు వచ్చారు. పళ్ల సెట్టు కోసం ఎవరూ రాలేదు.

నాలుగో హాలు జనమంతా మూడో హాల్లో ఇరుక్కుని ఉన్నారు. రెండు హాళ్లకీ మధ్య గోడ అద్దం. పొద్దస్తమానం ఎవరో ఒకరు అద్దానికి ముక్కు ఆనించి రుమాళ్లని చూస్తూనే ఉంటారు. మా కూలీలు ఆ గోడ వైపు వెళ్లేటప్పుడు చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి నడుస్తున్నారు. అప్పలకొండ అటు వెళ్లడమే మానేశాడు. తనకి తుమ్ములెక్కువని, మూడు వందల మంది ఉసురు పోసుకోలేనని అన్నాడు.

అక్క పాదాలు వాచాయి. నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. విమానానికి ఇంకో వారం ఉంది. అది గడిస్తే చాలు అనుకున్నాను. అనుకున్నానంటే లెక్క వేశానని అర్థం, బెంగ పడలేదు.

నమోదు 49

పైపులు కలిపాం. నేల పూడ్చాం. హాలుని చల్లబరిచే కొత్త యూనిట్ బిగించాం. కుర్చీలు లోపలికి తేవడమే తరువాయి.

గాలి పోయే కొత్త డక్టుల్లో ఇనుప రజనూ దుమ్మూ ఉంటాయి. జనం రాకముందే ఫ్యాన్ని పూర్తి వేగంలో తిప్పి అదంతా ఊదేయాలి. ఆ గాలి తూర్పు వైపు నుంచి బయటికి పోవాలి, పడమటి గోడ వైపుకి రాకూడదు. డక్టు లోపల రేకు తలుపులుంటాయి. పడమటి వైపు తలుపులకి కరెంటు నేనే తీసేశాను. పాత తలుపులైతే కరెంటు పోగానే మూసుకునేవి. నా చేతులకి ఆ అలవాటే ఉంది. కొత్తవి అలా కాదు. కరెంటు పోతే లోపలి జనానికి ఊపిరాడాలని అవి తెరుచుకుంటాయి. ఈ సంగతి నాకు తెలుసు. పనివాళ్లందరికీ పాఠంలా చెప్పింది కూడా నేనే. చెయ్యి మాత్రం దాని పాత పని అది చేసింది.

ఫ్యాన్ తిప్పమన్నాను. అప్పలకొండ తిప్పాడు.

ముందు గోడ చివరి రుమాళ్లు కొంచెం కదిలాయి. తర్వాత వరస వరసంతా ఒక్కసారి లేచింది. హాలు నిండా నీలం గళ్లు తిరిగాయి. ఆపమని నేను చెయ్యి ఎత్తేలోగా అన్నీ వెళ్లి తూర్పు మూల కుప్ప పడ్డాయి. ఒకటి మాత్రం దీపానికి తగులుకుని వేలాడింది.

అద్దం అవతల మూడు వందల మంది నిలబడి ఉన్నారు. ఒక ముసలాయన నేల మీద చతికిలబడ్డాడు. అక్క నిలబడే ఉంది. నన్ను చూస్తోందో, రుమాళ్లనే చూస్తోందో తెలియలేదు. ఫ్యాన్ ఆగాక అప్పలకొండ నా దగ్గరికి వచ్చి, తనే తప్పు మీట నొక్కానని చెప్పమంటారా అని అడిగాడు. వద్దన్నాను.

నమోదు 50

కుర్చీలు తెచ్చి వేశాం. ఎవరూ కూర్చోలేదు. తన్నుకుంటారని జోగారావు గారు కాపలావాళ్లని పిలిపించారు. వాళ్ల అవసరం రాలేదు.

వరస మళ్లీ కట్టుకునే పద్ధతి జనమే తేల్చారు. నా ముందు ఫలానా మనిషి అని ఎవరికి వారు చెప్పాలి. నీ చోటుకి నీ వెనకవాడి మాటే సాక్ష్యం. నీ మాట నీకు చెల్లదు. నీకోసం అబద్ధమాడితే తానే ఒక మెట్టు వెనక్కి పోతాడు కాబట్టి వెనకవాడు అబద్ధమాడడని వాళ్ల నమ్మకం. చిట్టచివరి మనిషితో మొదలుపెట్టారు. గొలుసు ముందుకు సాగింది. ఒకాయన తన ముందున్నామె పేరు తెలియక, రాత్రంతా గురక పెట్టే ఆవిడ అని చెప్తే ఆవిడ తిట్టుకుంటూనే వచ్చి కూర్చుంది. జనం నవ్వారు. ఈ హాల్లో నవ్వు వినడం నాకు అదే మొదలు.

మధ్యాహ్నానికి రత్నాలు వంతు వచ్చింది. నీ ముందెవరని అడిగారు.

రత్నాలు పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. "సన్యాసిరావు గారు" అంది.

అక్క ఆ పక్కనే నిలబడి ఉంది. సన్యాసిరావు, తన ముందున్నవాళ్ల గురించి మాత్రమే చెప్పగలనని, వెనక్కి తిరిగి చూసే అలవాటు తనకి లేదని చేతులు ఎత్తేశాడు. అక్క రత్నాలు మొహంలోకి చూసి, నీ ముందు నేను కదమ్మా అంది. గట్టిగా కూడా అనలేదు. రత్నాలు నేల చూపులు చూస్తూ మళ్లీ అదే పేరు చెప్పింది.

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. పరిచింది నేను. ఏది ఎవరిదో మొదటి నుంచి చివరి దాకా తెలిసిన మనిషిని నేనొక్కణ్నే. వెనక నుంచి ఎవరో, "ఆయనకి అక్క గదా. గాలి ఒగ్గినోడూ ఆయనే" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు.

చెప్పడానికి ఒక్క మాట చాలు. అక్క నా మొహం మీద నుంచి చూపు తీయలేదు. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. భయం వల్ల కాదు, పిల్ల మీద జాలీ కాదు, న్యాయం ఆలోచించీ కాదు. నోటి దాకా ఏదీ రాలేదు, అంతే.

"పోన్లెండి" అంది అక్క. "తొమ్మిదో కుర్చీలో నాను కూసుంటాను. ఎండ మీదికొస్తన్నాది, తెమల్చండి."

కూర్చుంది. జోగారావు గారు ఊపిరి వదిలారు. గొలుసు మొదటి కుర్చీ దాకా సాగి వరస పూర్తయింది. హాల్లో ఇరవై ఏడు డిగ్రీలు. గాలి శుభ్రంగా ఉంది.

నమోదు 51

అన్నం తీసుకుని అక్క దగ్గరికి వెళ్లాను. తినలేదు. ఎనిమిదో కుర్చీ ఖాళీగా ఉంది. రత్నాలు పిల్లని స్నానానికి తీసుకెళ్లింది. నీలం గళ్ల రుమాలు మాత్రం కుర్చీ మీద పరిచి ఉంది. దాన్ని తాకాలని నాకు అనిపించలేదు, అక్కకీ అనిపించలేదు.

నేను గనక చెప్పి ఉంటే జనం నమ్మేవారు కాదని, గొడవై ఉన్న వరస కూడా పోయేదని అక్కకి వివరించాను. ఈ మాటలు నిన్ననే ఎందుకు తోచలేదో మరి. ఇవాళ వరసగా, చక్కగా వచ్చాయి. అక్క అంతా విన్నది.

"అదంతా నాకూ తెలుసురా" అంది. "నువ్వు సెప్పినా నాను వద్దందునేమో. అది వేరే సంగతి. నువ్వు సెప్తావనే సూశాను."

ఆ తర్వాత మామూలు మాటల్లో పడింది. కుళాయిలో నీళ్లు జోరుగా వస్తున్నాయని, ఈ మరుగుదొడ్లు బాగున్నాయని మెచ్చుకుంది. చిన్నప్పుడు మా ఇంట్లో పంపు ఎప్పుడూ నాకు అందేది కాదని గుర్తుచేసి నన్ను ఏడిపించబోయింది. నేను నవ్వాలి కాబట్టి నవ్వాను.

నమోదు 55

తెల్లవారుజామున విమానం దిగింది. మందుల పెట్టెలు దింపారు. ఎనిమిది మందిని పిలిచారు.

రత్నాలు అక్క దగ్గర ఆగలేదు. పిల్ల మాత్రం తల్లి భుజం మీద నుంచి మామ్మా మామ్మా అని చెయ్యి ఊపింది. అక్కా ఊపింది. నేను గేటు పక్కన నీళ్ల మీటరు చూస్తున్నాను. రత్నాలు నా దాకా వచ్చి నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

"మీకు తెలుసు గదండీ" అంది. "అబద్దమని మీరొక్క మాటంటే నాను ఒప్పేసుకొందును. ఏల అన్లేదు?"

నేను మీటరు వైపే చూశాను. లైను కదిలింది, ఆమె వెళ్లిపోయింది. తలుపు మూసుకున్నాక మీటరు అంకె రెండుసార్లు తప్పు రాసుకున్నాను.

ముందున్న ఎనిమిది కుర్చీలూ ఖాళీ అవడంతో అందరూ రుమాళ్లు తీసుకుని ముందుకు జరిగారు. ఇప్పుడు మా అక్క వరసలో మొదటిది.

నమోదు 58

పాత చిల్లర్ నిన్న ఆగిపోయింది. దాని వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. నాలుగు హాళ్లూ సముద్రపు నీళ్ల మీదే నడుస్తున్నాయి. పని గడువుకు ముందే పూర్తయిందని జోగారావు గారు నాకు శాలువా కప్పాలనుకున్నారట. ఊరంతా వెతికించినా శాలువా దొరకలేదని నొచ్చుకున్నారు. ఇక్కడ శాలువా ఎవరు ఉంచుకుంటారు?

అక్కకి చలేస్తోంది. ఒంట్లో విషం చేరినవాళ్లకి అలాగే ఉంటుందని డాక్టరు అన్నాడు. పళ్లు కొట్టుకుంటున్నాయి. కప్పడానికి నేనూ దుప్పటి కోసం తిరిగాను. హాల్లో చాపలున్నాయి, పల్చటి చీరలున్నాయి, దుప్పటి అన్న మాటకే జనం వింతగా చూశారు. బయటికి తీసుకెళ్తే ఎండ చంపేస్తుంది. లోపల ఉంటే ఈ చల్లదనం.

ఈ యూనిట్లు ఎగువ దేశంలో తయారైనవి. చల్లగాలికి ఒక పైపు చుట్ట, వేడిగాలికి ఇంకొకటి ఉంటాయి. ఈ ఊళ్లో వేడిగాలా అని మేమంతా విరగబడి నవ్వి, రెండో దానికి మూతలు బిగించేశాం. ఇవాళ ఆ మూతలు విప్పాను. పైకప్పు మీది ట్యాంకులో నీళ్లు ఎండకి సలసలమంటూనే ఉంటాయి. అక్కడి నుంచి పైపు దింపాలన్నాను. అప్పలకొండ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. తర్వాత అక్క వైపు చూశాడు. ఏమీ అనకుండా పైపు కోయడానికి వెళ్లాడు.

చిక్కేమిటంటే ఆ డక్టు మొదటి వరసంతటికీ ఒకటే. అక్క ఒక్కదాని మీదే వేడిగాలి వదలడం కుదరదు. అక్కడ పాతిక మంది దాకా కూర్చుని ఉన్నారు. వేడి నుంచి పారిపోయి ఏళ్ల తరబడి ఇక్కడ పడి ఉన్నవాళ్లు. రుమాలు వేసి కాసేపు వెనక వరసలకి వెళ్లి కూర్చోండని అడగడానికి వెళ్లాను. మాట సగంలో ఉండగానే అక్క పక్క కుర్చీ ముసలాయన అడ్డుపడ్డాడు.

"గాలి ఒగ్గండి బావూ. ఎక్కడికీ ఎల్లం. మనిషి పక్కన మనిషుండాలి గదా."

మీట తిప్పాను. వేడిగాలి దిగింది. ఆ వరసలో ఎవరూ లేవలేదు. రుమాళ్లు తీసి మొహాలు తుడుచుకున్నారు, పిల్లలకి విసిరారు. నేను అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఒరే లోకం, బాగుందిరా అంది. ఆ మాట ఎంతో దూరం నుంచి వచ్చి నాకు తగిలింది. ఏడుపు వచ్చింది. అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఎనిమిదో రుమాలు నీదేనని, నా చేత్తోనే పరిచానని చెప్పాను. ఎవరూ నా వైపు చూడలేదు. అక్క చెయ్యి నా తల మీద ఉంది, మంచుముక్కలా ఉంది.

కాసేపటికి వరసలో అందరి బట్టలూ చెమటకి తడిసిపోయాయి.

"ఇంకొంచెం పెంచరా" అంది అక్క.